సమాధానం: ఒకసారి 0.0, ఇంకోసారి 0.016 ఎందుకు వస్తోంది?

తమ్ముడూ, లిస్టును వరసలో పెట్టే ఒకే ఫంక్షన్‌కి ఒకసారి 0.0, ఇంకోసారి 0.016 సెకన్లు వస్తున్నాయని టెన్షన్ పడుతున్నావు. నీ కోడ్‌లో తప్పు లేదు, కొలిచే గడియారమే సరిపోలేదు. నువ్వు వాడిన టైమ్.టైమ్ (time.time, ఇప్పటి సమయం చెప్పే పైథాన్ ఫంక్షన్), విండోస్‌లో పైథాన్ 3.13కి ముందు వెర్షన్లలో, సుమారు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారే ముందుకు కదులుతుంది. మన విజయనగరం గంటస్తంభం గడియారం చూసి వంద మీటర్ల పరుగు కొలిచినట్టే అన్నమాట. పైగా మధ్యలో సిస్టమ్ టైమ్ సర్దుకుంటే లెక్క వెనక్కి కూడా పోవచ్చు.

దాని బదులు పెర్ఫ్_కౌంటర్ (time.perf_counter, గడిచిన సమయం కొలవడానికే ఉన్న పైథాన్ ఫంక్షన్) వాడు. అది వెనక్కి పోదు.

ఇంత చిన్న ఫంక్షన్‌కి మాత్రం నేనైతే టైమిట్‌నే (timeit, చిన్న కోడ్‌ను చాలాసార్లు నడిపి సమయం కొలిచే పైథాన్ సాధనం) నమ్ముతాను. కమాండ్ లైన్‌లో నడిపితే ఎన్నిసార్లు తిప్పాలో అదే చూసుకుని, ఐదు విడతల్లో అన్నిటికన్నా తక్కువ సమయాన్ని చూపిస్తుంది. సగటు కన్నా ఆ అంకె మేలు. ఎక్కువ వచ్చినవి చాలావరకు మిగతా ప్రోగ్రామ్‌లు అడ్డు రావడం వల్లే.

ఒక్కటి మర్చిపోకు. నువ్వు సార్ట్‌తో అదే లిస్టును మారుస్తున్నావు. రెండో తిప్పు నుంచి అది ముందే వరసలో ఉంటుంది, అలాంటి లిస్టును పైథాన్ చాలా త్వరగా ముగించేస్తుంది. ప్రతి తిప్పుకీ కొత్త కాపీ ఇచ్చి కొలువు.