రౌలింగ్ అవుతానంటున్న అమ్మాయి: సైన్స్ మానాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పాప ప్లస్ టూ సైన్స్ మొదటి ఏడాది చదువుతోంది. బడిలో ఒడియా, ఇంగ్లిష్. తెలుగు వాళ్ల తాతగారి దగ్గర పాత చందమామలు చదివి నేర్చుకుంది. మాయలు, మంత్రాల కథలతో నోటుబుక్కులు నింపేస్తోంది. హ్యారీ పోటర్ కథలు రాసిన రౌలింగ్‌లా పిల్లల రచయిత్రిని అవుతాను, సైన్స్ మానేసి ఆర్ట్స్‌లో చేరతాను అంటోంది. మావారు బి.ఎస్సీ. నర్సింగ్ చదివిద్దామంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా సైన్స్ మాన్పించకండి. నర్సింగ్ కోసం అని కాదు. ప్లస్ టూ సైన్స్ పాసైతే రేపు బి.ఎ.లో చేరడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆర్ట్స్ చదివితే మాత్రం బి.ఎస్సీ. నర్సింగ్‌కు దారి మూసుకుపోతుంది, దానికి బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండి తీరాలి. కాబట్టి ఇంకో ఏడాది మీ ఇంట్లో ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

ఇక రౌలింగ్ సంగతి. పాప ఆమె సంపద గురించి చదివి ఉంటుంది. అంతకుముందు కథ కూడా తెలియాలి. ఆమె ఎక్సెటర్ యూనివర్సిటీలో ఫ్రెంచ్ చదివారు. లండన్‌లో ఆఫీసు ఉద్యోగాలు చేశారు, పోర్చుగల్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. చంటిబిడ్డతో ఒంటరిగా ఎడింబరో చేరి, కొంతకాలం ప్రభుత్వ భృతి మీద బతికి, టీచర్ ట్రైనింగ్ చేశారు. హ్యారీ పోటర్ మొదటి పుస్తకాన్ని పన్నెండు మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి 1997లో అచ్చయినప్పుడు గట్టి అట్ట ప్రతులు వేసింది 500 మాత్రమే. అప్పటికి ఆమెకు దాదాపు 32 ఏళ్లు. ఆ తర్వాత వచ్చిన డబ్బు ఆమెకే వచ్చింది, ఆమెలా రాసిన అందరికీ రాలేదు. దాన్ని లెక్కలోకి తీసుకుని చదువు ఎంచుకోవడం లాటరీ టికెట్టు చూపించి ఇంటి లోను అడిగినట్టే.

నాకైతే మీ పాపకు మరో మనిషి జీవితం ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది. తాతగారి చందమామల్లో తను చదివిన ఆ మాంత్రికుల సీరియల్స్‌లో చాలావరకు రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు, అందుకే పాపకు తెలియకపోవచ్చు. 1952లో మద్రాసులో చందమామ సంపాదక వర్గంలో చేరి, ఐదు దశాబ్దాలకు పైగా అక్కడే పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’ మొదలుపెట్టి సీరియల్ తర్వాత సీరియల్ రాశారు. నెలజీతం పత్రికాఫీసు పనికి, ఆ పనిలోనే రాత కూడా. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తిగారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు తయారుచేయలేదా? ఏ ఉద్యోగం చేస్తే రాత ఆగిపోకుండా ఉంటుందో ఆ ఉద్యోగానికి పాపను సిద్ధం చేయండి. నర్సింగ్ చెడ్డదని నేననను. కానీ నైట్ షిఫ్టుల తర్వాత నవల రాయడం ఎంత కష్టమో మీవారికి చెప్పి చూడండి.

తెలుగు పిల్లల పుస్తకానికి డబ్బు ఎంత వస్తుందో ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. పుస్తకం ధర 150 రూపాయలు, రచయితకు దక్కే వాటా, అంటే రాయల్టీ, పది శాతం అనుకుంటే ప్రతికి 15 రూపాయలు. వెయ్యి ప్రతులు అమ్ముడైతే 15,000. అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈ లెక్క పాప చేతే వేయించండి.

బడిలో తెలుగు చదవకపోవడం మీకు లోటనిపించవచ్చు, కానీ మూడు భాషల మధ్య పెరగడమే ఆమె బలం. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ వచ్చి, మూడింటిలోనూ చదవగలిగినవాళ్లు అనువాద రంగంలో తక్కువ. డిగ్రీలో ఇంగ్లిష్ గానీ ఒడియా గానీ ఆనర్స్ తీసుకుని, బి.ఎడ్. చేస్తే టీచర్ ఉద్యోగానికి దారి ఉంటుంది. అనువాదమే కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనాల విభాగం ఉంది. అక్కడే ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ. తెలుగు కూడా ఉంది. బడిలో తెలుగు సబ్జెక్టుగా చదవలేదు కాబట్టి అర్హత నిబంధన జాగ్రత్తగా చూసుకోండి. ప్రాక్టీసుకు ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో ఒడియా కథలు తెలుగులోకి మార్చి పెట్టొచ్చు. డబ్బు రాదు, చెయ్యి తిరుగుతుంది. సొంత కథల్లో మంచివి మాత్రం అక్కడ పెట్టొద్దు, అవి ఎవరైనా వాడుకునే లైసెన్సు కింద వెళ్తాయి.

ఒక మాట పాపకు నేరుగా చెబుతున్నాను. కోటలో మంత్రాల బడి కథ ఇప్పటికే వేలమంది రాశారమ్మా. మీ ఊరి పక్కన మహేంద్రతనయ పారుతోంది. పరశురాముడు తపస్సు చేశాడని చెప్పే మహేంద్రగిరి మీ జిల్లాలోనే ఉంది. సవరల ఇళ్ల గోడల మీద బొమ్మలున్నాయి. వాటి గురించి తెలిసినవాళ్లను అడిగి, విని రాయి.

చివరిగా, ‘ఇరవై వేలు కట్టండి, పుస్తకం వేసి సర్టిఫికెట్ ఇస్తాం’ అని ఫోన్ చేసేవాళ్లుంటారు. కట్టకండి. పద్దెనిమిది నిండేదాకా పాప సంతకం చేసిన ఒప్పందం చెల్లదు, మీరే చదివి సంతకం చేయాలి. కాపీరైట్ మొత్తం రాసివ్వకండి, ఎన్నేళ్లకో, ఏ భాషకో రాయించండి. సెంట్రల్ యూనివర్సిటీల్లో చేరడానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ప్లస్ టూ రెండో ఏడాది బోర్డు పరీక్షల హడావిడిలో దాని దరఖాస్తు తేదీ దాటిపోతుంటుంది, అది మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి.