చర్మ సందేహాలు: బొల్లి పోయిన చోటే మళ్లీ ఎందుకొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. మూతి పక్కన, వేళ్ల చివర తెల్ల మచ్చలొస్తే డాక్టరు బొల్లి అన్నారు. టాక్రోలిమస్ పూస్తే మూతి దగ్గర రంగు పూర్తిగా వచ్చింది, మందు ఆపేశాం. నాలుగు నెలలకు సరిగ్గా అక్కడే మళ్లీ తెల్లబడింది. వేళ్లకైతే అసలు గుణమే లేదు. ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడమంటారా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదిది, ఇమ్యూనిటీ దారి తప్పి వచ్చింది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లను సీడీ8 టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) శత్రువులనుకుని చంపేస్తాయి. చంపుతూ ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనాన్ని వదులుతాయి. అది తగిలిన చుట్టుపక్కల చర్మకణాలు సీఎక్స్‌సీఎల్10 అనే రసాయనాన్ని తయారుచేసి, మరిన్ని టీ కణాలను అక్కడికే రప్పిస్తాయి. అమెరికాలో 2022 జులైలో బొల్లికి అనుమతి పొందిన రక్సోలిటినిబ్ 1.5 శాతం క్రీము ఆపేది ఈ గొలుసునే.

రంగు తిరిగొచ్చినా ఆ టీ కణాల్లో కొన్ని వెళ్లిపోవు, ఆ చోటును గుర్తుపెట్టుకుని చర్మంలోనే మకాం వేస్తాయి. టాక్రోలిమస్ వాటిని అణచి ఉంచుతుందే తప్ప ఖాళీ చేయించదు. మీరు చాలించగానే అవి మళ్లీ పనిలో పడ్డాయి. డాక్టరును అడిగి 0.1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టండి. మొదటి వారం మంటగా ఉంటుంది, దానికి భయపడి మానకండి. రంగొచ్చాక వారానికి రెండు రోజుల చొప్పున కనీసం ఆరు నెలలు పూయాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే.

వేళ్ల సంగతి వేరు. కొత్త మెలనోసైట్లు ఎక్కువగా వెంట్రుక కుదుళ్ల నుంచే పైకి వస్తాయి. మూతి దగ్గర రంగొచ్చేటప్పుడు మచ్చ మధ్యలో ఆవగింజల్లాంటి చుక్కలు లేచి, ఒకదానితో ఒకటి కలవడం మీరు చూసే ఉంటారు. వేళ్ల చివర కుదుళ్లే లేవు. ఎక్కువ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఒకసారి టీఎస్‌హెచ్, యాంటీ టీపీఓ పరీక్షలు చేయించండి, బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య ఎక్కువ. ఉన్నట్టుండి ముగ్గు చల్లినట్టు సన్నటి మచ్చలు పుట్టుకొస్తే ఆయింట్‌మెంట్ ఒక్కటే నమ్ముకోవద్దు. దాడి ఉద్ధృతంగా ఉందని అర్థం. అప్పుడు వారానికి వరుసగా రెండు రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, బీపీ, షుగరు చూసుకుంటూ. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది.

ప్రశ్న: బొల్లికి ఇచ్చే ఫోటోథెరపీకి (కాంతి చికిత్సకు) వారానికి మూడుసార్లు పోలేకపోతున్నాను. బావంచాల నూనె రాసుకుని మేడ మీద ఎండలో కూర్చుంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బావంచాల్లో ఉండే సోరలెన్ అనే రసాయనం మీద ఎండ పడితే పనిచేసే మాట నిజమే. చిక్కల్లా కొలత లేకపోవడమే. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో కాస్త ఎక్కువసేపు కూర్చున్నా కాలుతుంది. పైగా ఆ కాలడం వెంటనే తెలీదు, రెండు మూడు రోజులకు ముదురుతుంది. ఈలోగా ‘బాగానే ఉంది’ అనుకుని మర్నాడు మళ్లీ రాస్తారు, బొబ్బలు తేలతాయి. బొబ్బ మానిన చోట కొత్త మచ్చ పుట్టొచ్చు.

ఫోటోథెరపీలో వాడే 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కాంతి)కి కొలత ఉంటుంది. సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజూల్స్‌తో మొదలుపెట్టి, విడతకు 10 నుంచి 20 శాతం పెంచుతారు. లేత గులాబీ రంగు వచ్చి మర్నాటికి పోతే డోసు సరిగ్గా ఉన్నట్టు. రెండో రోజు కూడా ఎర్రగా ఉంటే తగ్గించాలి. మూడుసార్లు కుదరకపోతే రెండుసార్లయినా వెళ్లండి, వరుస రోజుల్లో మాత్రం వద్దు. రెండు మూడు వారాలు మానేస్తే ఆ సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, పాత డోసుతోనే పెడితే కాలుతుంది. కళ్లద్దాలు, మగవాళ్లకు జననాంగాలు కప్పుకోవడం తప్పనిసరి. మూడు నెలలు దాటకుండా ఫలితం లేదని తేల్చేయకండి.

ప్రశ్న: బొట్టుబిళ్ల పెట్టే చోట గుండ్రంగా తెల్లబడింది. ఇదీ బొల్లేనా?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అక్కడొక్కచోటే ఉంటే బిళ్ల జిగురులోని రసాయనం పని కావచ్చు. పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ ఉన్న జిగుర్లు మెలనోసైట్లను దెబ్బతీస్తాయి. బిళ్లలు పూర్తిగా మానేయండి, బ్రాండు మార్చి చూడటం కాదు. లంగా నాడా ఒరుసుకునే నడుము, చెప్పు పట్టీ కింద పాదం కూడా చూసుకోండి. అక్కడా మచ్చలుంటే చర్మ డాక్టరుకు చూపించాలి.