క్రీము మొదలుపెట్టే ముందు ఇది చదువు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఒక్కదానివే స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చావట. హాస్టల్‌కి వెళ్లే లోపే మోచేతుల దగ్గర, ముఖం మీద ఉన్న ఎగ్జిమా తగ్గించుకోవాలని క్రీములు రాయించుకున్నావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. డాక్టరు గది గుమ్మం చూడగానే నా చెయ్యి వదలకుండా ఏడ్చే పిల్లవి, ఇప్పుడు నీ ఒంటి సంగతి నువ్వే అడిగి తెలుసుకుని వచ్చావు. ఆ తర్వాత మీ అమ్మ చీటీలో పేర్లు చదివింది. చేతులకి మొమెటాసోన్, ముఖానికి హైడ్రోకార్టిసోన్. రెండూ స్టెరాయిడ్లే. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కంగారు పడకు, వాడొద్దని చెప్పడానికి రాయడం లేదు. డాక్టరు చెప్పినట్టే రాసుకో. ఎలా రాసుకోవాలో, ఎక్కడ ఆపాలో మాత్రం నా నోటితో ఒకసారి చెప్పకపోతే నా మనసు కుదుటపడదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. చేతులు కడుక్కుని రాసుకో. ఎర్రగా, గరుకుగా, దురదగా ఉన్నచోటే క్రీము; మాయిశ్చరైజర్ మాత్రం దద్దురు ఉన్నా లేకపోయినా రోజూ. రెండింటికీ మధ్య ఒక అరగంట విడుపు ఇవ్వు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకో. రాసినచోట డాక్టరు చెప్పకుండా కట్టు కట్టకు, ప్లాస్టిక్ చుట్టకు. కప్పి ఉంచితే మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. మొమెటాసోన్ మామూలుగా రోజుకి ఒక్కసారే రాస్తారు, చీటీలోనూ అలాగే ఉందో లేదో చూసుకో.

ఎంత రాయాలన్నది మాత్రం చాలామందికి తెలియదు. "పల్చగా రాయండి" అంటారు. పల్చగా అంటే ఎంత? దీనికి ఒక వేలికొన లెక్క ఉంది. 1991లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని రాశారు. చూపుడువేలి చివరి నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి గీతలా పిండితే, పెద్దవాళ్ల వేలి మీద అది దాదాపు అర గ్రాము అవుతుంది. వేళ్లతో సహా నీ రెండు అరచేతులు కలిపితే ఎంత మేర అవుతుందో అంత చర్మానికి అది సరిపోతుంది. నీ మోచేతి మడత మీద అరచెయ్యి ఆనించి చూడు. మచ్చ ఒక అరచేయంత ఉంటే వేలికొనలో సగం చాలు. భయపడి కందిగింజంత తీసుకుని చెయ్యంతా పూస్తే మందు పనిచెయ్యదు, రోజులు మాత్రం పెరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

నువ్వు పుట్టకముందు నా కుడి అరచేతికి మొండి ఎగ్జిమా వచ్చింది. చర్మం చెట్టు బెరడులా మందమై, పగిలి, గిన్నె పట్టుకుంటే రక్తం వచ్చేది. డాక్టరు గారు క్లోబెటసాల్ రాశారు. రెండు వారాలు రాసి ఆపెయ్యమన్నారు. సరిగ్గా రెండు వారాలకి ఆపాను, చెయ్యి నున్నబడింది. ట్యూబులో సగం మిగిలిపోయింది.

కొన్నాళ్లకి ముక్కు పక్కన ఎర్రటి మచ్చ లేచింది, పొట్టు రాలుతూ, దురదగా. ఇంట్లో హైడ్రోకార్టిసోన్ ట్యూబు కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. దాని మీద 1 శాతం, దీని మీద 0.05 శాతం. ముఖం కదా, తక్కువ ఉన్నదే మంచిదనుకుని క్లోబెటసాల్ తీశాను. ఇది బాగా గుర్తుపెట్టుకో తల్లీ. ఆ అంకె ట్యూబులో మందు ఎంత కలిపారో చెబుతుంది, ఆ మందుకి ఎంత బలముందో చెప్పదు. పేర్లు వేరైనప్పుడు శాతాలు పోల్చి చూడకూడదు. హైడ్రోకార్టిసోన్ ఈ క్రీముల్లో అన్నిటికన్నా మెత్తనిది. క్లోబెటసాల్ అన్నిటికన్నా గట్టి వాటిలో ఒకటి. దాన్ని అరచేతి మందపాటి చర్మానికి ఇచ్చారు. నేను తీసుకెళ్లి ముఖానికి పూశాను.

మూడో రోజుకి మచ్చ మాయమైంది. మానేస్తే వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం పెద్దదిగా. మళ్లీ రాశాను, మళ్లీ పోయింది. ట్యూబు అయిపోతే పాత చీటీ చూపించి ఇంకొకటి తెచ్చుకున్నాను. ఇలా ఏడు నెలలు. రాసిన ప్రతిసారీ తగ్గుతుంటే అది మందు గుణమే అనుకున్నాను గానీ, మానిన ప్రతిసారీ పెరగడం కూడా దాని పనేనని తట్టలేదు.

ఒకరోజు పొద్దున కిటికీ వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాను. బుగ్గ మీద సన్నటి ఎర్రదారాలు. వేలితో నొక్కితే మాయమయ్యేవి, వేలు తీస్తే మళ్లీ నిండేవి. నోటి చుట్టూ ఆవగింజలంత పొక్కులు, పెదవి అంచున మాత్రం సన్నగా ఒక గీత మేర మామూలు చర్మం మిగిలింది. ఎండలో రెండు నిమిషాలు నిలబడితే ముఖమంతా మంట.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. "ముఖానికి ఏమైనా రాస్తున్నారా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చేతికిచ్చిన మందు ముఖానికి రాశానని చెబితే తిడతారేమోనని భయపడ్డాను. రెండోసారి వెళ్లినప్పుడూ అదే అబద్ధం. ఆయన నా మాట నమ్మి ఏవేవో వెతుకుతుంటే, నేను ఇంటికొచ్చి మళ్లీ అదే ట్యూబు తీసేదాన్ని. మూడోసారి బ్యాగులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎన్నాళ్ల నుంచి?" అని మాత్రం అడిగారు.

ఆపిన తర్వాత వారాలు చాలా కష్టంగా గడిచాయి. ముఖం వాచి, కాలినట్టు మండేది. రాత్రిళ్లు తడిగుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని. ఆయనిచ్చిన మాత్రలతో పొక్కులు నెమ్మదిగా సర్దుకున్నాయి. ఎర్రదారాలు కొన్ని మిగిలిపోయాయి. చిన్నప్పుడు నా బుగ్గ మీద వేలు పెట్టి "ఇవేంటి పెద్దమ్మా" అని అడిగేదానివి, గుర్తుందా? అవే.

అంతటితో ఆగి ఉంటే ఇవాళ నేనింత పొడవు రాయకపోదును.

నీకు ఆరో నెలలో ఎగ్జిమా వచ్చింది. బుగ్గలు, మోకాళ్ల వెనక మడతలు. పిల్లల డాక్టరు హైడ్రోకార్టిసోన్ 1 శాతం ఇచ్చి ఒక వారం రాయమన్నారు. మీ అమ్మ నన్ను అడిగింది. "పొరపాటున కూడా రాయకు, నా ముఖం చూడు" అన్నాను. పాపం, అది నా మాటే విన్నది. మూడు వారాలు నువ్వు నిద్రపోలేదు. నీ చేతులకి మెత్తటి గుడ్డ చుట్టేవాళ్లం, నువ్వు బుగ్గని దిండుకేసి రుద్దుకునేదానివి. తెల్లారేసరికి దిండు గుడ్డ మీద రక్తపు చుక్కలు. చివరికి గోకినచోట పసుపు చెక్కు కట్టి, రసి కారి, యాంటీబయాటిక్ దాకా వెళ్లింది. అప్పుడు ఆ డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, మెత్తటి మందు, తగినంత, కొద్దిరోజులు రాస్తే పిల్లకి హాని లేదని, రాయకపోవడం వల్లే ఇదంతా జరిగిందని చెప్పింది. క్రీము రాసిన రెండో రాత్రి నువ్వు కదలకుండా ఆరు గంటలు పడుకున్నావు. ఊపిరి తీస్తున్నావో లేదోనని నేను నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను. నా భయానికి నువ్వు పడిన బాధ అది. ఇన్నేళ్లలో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నన్ను మన్నించు తల్లీ.

అందుకే ఎన్ని రోజులో డాక్టరు చెప్పారో, అన్ని రోజులు మానకుండా రాసుకో. వేలితో తడిమితే గరుకు పోయి నున్నగా తగలాలి. అప్పుడు ఆపెయ్. గడువు అయిపోయినా తగ్గకపోతే నీ అంతట నువ్వు పొడిగించకు, వెళ్లి చూపించు. ఎర్రదనం పోయాక అక్కడ నల్లగానో తెల్లగానో మచ్చ మిగలొచ్చు. అది జబ్బు కాదు, నెమ్మదిగా నెలల్లో కలిసిపోతుంది. ఆ రంగు కోసం క్రీము కొనసాగించకు.

చేతి ట్యూబు ముఖానికి తేకు. కనురెప్పలు, చంకలు, గజ్జల దగ్గర చర్మం పల్చగా ఉండి మందు ఎక్కువగా పీల్చుకుంటుంది, అక్కడ డాక్టరు చెబితేనే. కళ్ల చుట్టూ నెలల తరబడి రాస్తే శుక్లాలు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతీసే గ్లాకోమా వచ్చే ప్రమాదం ఉంది. చూపు మసకబారితే ఆగకు.

మొదటి ఒకటి రెండు రోజులు రాయగానే కొంచెం చురుక్కుమనడం మామూలే. చర్మం మెరుస్తూ పల్చబడటం, సన్నటి రక్తనాళాలు కనబడటం, తెల్లబడటం, కొత్తగా వెంట్రుకలు, మొటిమల్లాంటి పొక్కులు, చర్మం సాగినట్టు చారలు, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకి చూపించు. చారలు పడితే పూర్తిగా పోవు. చాలా వారాలు రాసి ఉంటే ఒక్కసారిగా మానెయ్యకుండా, ఎలా తగ్గించాలో అడిగి తగ్గించు. గుండ్రంగా అంచు కట్టి పాకే మచ్చ వస్తే అది తామర కావచ్చు, దాని మీద స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోలోపల పాకుతుంది. పసుపు చెక్కు, రసి వచ్చినా చూపించు. నొప్పితో గుంపుగా నీటిపొక్కులు లేచి జ్వరం కూడా వస్తే మాత్రం మర్నాటికి వాయిదా వెయ్యకు, ఆ రోజే వెళ్లు.

ఇంకొక్కటి. నీ మాయిశ్చరైజర్‌లో పారఫిన్ అనే మైనంలాంటి జిడ్డు ఉంటే, అది ఇంకిన బట్టలు, దుప్పట్లు నిప్పు తగిలితే చటుక్కున అంటుకుంటాయి. కొవ్వొత్తి దగ్గర, పొయ్యి దగ్గర జాగ్రత్త.

హాస్టల్లో ఎవరో ఒకరు నీ ట్యూబు చూసి "ఇది రాస్తే ముఖం తెల్లబడుతుందట కదా, కొంచెం ఇవ్వవా" అంటారు. ఎంత దగ్గరి స్నేహితురాలైనా ఇవ్వకు. కోపమొస్తే రానీ. నా సంగతి చెప్పు, కావాలంటే ఫోన్ నాకివ్వు, నేనే మాట్లాడతాను.

ఇవాళే పెన్ను తీసుకుని ఒక ట్యూబు మీద "ముఖం", ఇంకోదాని మీద "చేతులు" అని పెద్దగా రాయి. మూత తీసిన తేదీ కూడా. మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో మోచేతి మడతకి ఒక ఫొటో తీసి పెట్టుకో. ఏ డాక్టరు "ఏం రాస్తున్నావు?" అని అడిగినా అన్నీ చెప్పు, స్నేహితురాలు ఇచ్చిన క్రీముతో సహా. సిగ్గుపడకు.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. చీటీ, రెండు ట్యూబులు పక్కన పెట్టుకో. వాటి మీద ఏముందో నాకు చదివి వినిపించు.

నీ
పెద్దమ్మ