జీపుకు ఎల్ఈడీ లైట్ బార్: పైకప్పు మీదా, బంపర్ మీదా?

బెంగళూరు నుంచి సకలేశపుర వైపు మట్టిదారుల్లో తిరగడానికే అయితే బంపరే మేలు. పైకప్పు మీద బిగిస్తే వెలుగు బానెట్ మీద పడి మన కళ్లకే తగులుతుంది. పైగా వేగం పెరిగితే గాలికి ఈల వేస్తుంది. మలుపుల దారికి స్పాట్ (దూరం కొట్టే సన్నటి వెలుగు), ఫ్లడ్ (పక్కలకు పరుచుకునే వెలుగు) రెండూ కలిసిన బార్ తీసుకోండి. దుమ్ము, నీరు లోపలికి పోవని చెప్పే ఐపీ67 రేటింగ్ ఉందో లేదో చూడండి.

అసలు సంగతి వైరింగ్‌లో ఉంది. 120 వాట్ల బార్ 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్ తీగకు కలపకండి. విడిగా రిలే (స్విచ్చులో కొద్ది కరెంటే పారుతూ, బార్‌కు వెళ్లే పెద్ద కరెంటును వేసి ఆపే పరికరం), బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన మందం తీగ ఉండాలి. నాకు బిగించిన మెకానిక్ “రిలే దండగ సార్” అన్నాడు. నెల తిరక్కుండా స్విచ్చు కరిగి కారంతా కాలిన ప్లాస్టిక్ వాసన!

తారురోడ్డు ఎక్కగానే ఆర్పి, మూత తొడగండి. ఎదుటివారికి కళ్లు బైర్లు కమ్ముతాయి.