క్లచ్‌లో గాలి మళ్లీ మళ్లీ ఎందుకు చేరుతుంది?

ప్రశ్న: మా పాత కారు క్లచ్ పెడల్ పొద్దున్నే మెత్తగా అడుగుదాకా దిగిపోతోంది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే తప్ప గేరు పడడం లేదు, రివర్స్ వేస్తే గరగరమంటోంది. మెకానిక్ గాలి పట్టిందని చెప్పి తీశాడు గానీ, నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. కుటుంబంతో తిరుమల వెళ్లాలనుకుంటున్నాం. గాలి మేమే తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తీసుకోవచ్చు. అయితే గాలి ఎటునుంచి వస్తోందో తేల్చుకోకుండా తీస్తే మళ్లీ నెలకు ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది. మీ పెడల్ తొక్కుడును క్లచ్ దాకా చేర్చేది గొట్టంలోని ద్రవం, అంటే బ్రేక్ ఆయిల్. ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. అందువల్ల మీరు తొక్కిన తొక్కుడులో కొంత ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయిపోయి, క్లచ్ పూర్తిగా విడవక గేర్లు ఒరుసుకుంటాయి. సాధారణంగా ఈ ఆయిల్ ఉండే చిన్న ట్యాంకు అడుగంటితేనో, ఎక్కడో సీలు అరిగితేనో గాలి లోపలికి చేరుతుంది.

ముందుగా కాళ్ల దగ్గరి మ్యాట్ తీసి, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి (తొక్కినప్పుడు ఆయిల్‌ను గొట్టంలోకి నెట్టే భాగం) వెళ్లే కడ్డీ చుట్టూ వేలితో తడిమి చూడండి. తరువాత గేర్‌బాక్స్ మీది స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే భాగం) రబ్బరు తొడుగు అంచు లేపి చూడండి. ఎక్కడ తడి తగిలితే అక్కడి సీళ్లు గానీ, సిలిండర్ గానీ మార్చాలి. ఎక్కడా తడి లేకున్నా మాస్టర్ సిలిండర్ లోపలి సీలు అరిగి ఉండవచ్చు. అప్పుడు కూడా పెడల్ ఇలాగే దిగిపోతుంది. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ తొడుగు లోపలే ఉంటుంది. అది కారుతుంటే గేర్‌బాక్స్ దించవలసిందే కనుక ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ట్యాంకు మూతమీద రాసిన రకం బ్రేక్ ఆయిల్‌నే, కొత్త డబ్బా విప్పి నింపండి; ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎప్పుడో విప్పి ఉంచినది పనికిరాదు. స్లేవ్ సిలిండర్ దగ్గర గాలి బయటికి వదలడానికి ఉండే చిన్న మరకు, అంటే బ్లీడర్ నిపుల్‌కు, పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొసను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా ఉంచండి. ఒకరు పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పట్టుకోగా రెండోవారు నిపుల్ వదులు చేయాలి. బుడగలతో ఆయిల్ వచ్చాక నిపుల్ బిగించాలి, ఆ తరువాతే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే బయటి గాలి వెనక్కి లాగబడుతుంది. పెడల్ పైకి రాకపోతే చేత్తో లేపండి. ట్యూబులో బుడగలు పూర్తిగా ఆగేదాకా ఇలాగే చేస్తూ, ట్యాంకులో ఆయిల్ అడుగంటకుండా మధ్యమధ్య నింపుతూ ఉండండి. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఇక తిరుమల మాట. ఈ స్థితిలో కారును ఘాట్ ఎక్కించవద్దని గట్టిగా చెబుతున్నాను. దిగేటప్పుడు తక్కువ గేరు వేసి ఇంజన్ చేతనే వేగాన్ని ఆపుకోవాలి. ఆ మలుపుల్లో గేరు పడకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేక్‌కూ ఒకే ట్యాంకు ఉంటుంది కనుక ఈ లీకును క్లచ్ సమస్యగా మాత్రమే చూడకూడదు. మరమ్మతయ్యాక ట్యాంకు మీద ఆయిల్ మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. వారం రోజులు మట్టం గీత దిగకుండా, పొద్దున్న మొదటి తొక్కుడుకే పెడల్ గట్టిగా ఉంటే నిశ్చింతగా బయలుదేరండి. అంతకుముందే వెళ్లక తప్పకపోతే ఆర్టీసీ బస్సులో వెళ్లి రండి.