లక్క పెచ్చులుగా ఊడుతుంటే ముందు కర్రను తూచండి

కర్రలో చెమ్మ ఉంది, అందుకే. అంకుడు కర్ర బొంగరానికి లక్క మచ్చలుగా పట్టి, రెండు రోజులకే గోటితో గీకితే ఊడుతోందన్నారు కదా, మీరు కొన్నది పచ్చి కొమ్మ అయ్యుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, కానీ లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద రాపిడికి వేడెక్కగానే లోపలి చెమ్మ పైకొచ్చి లక్కను పట్టనివ్వదు.

చాలామంది వదిలేసేది తూకమే.

1. ముక్కను వంటింటి కాటా మీద తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. నీడలో, గాలి తగిలేచోట పెట్టి వారానికోసారి తూచండి. వరసగా రెండుసార్లు బరువు తగ్గకపోతేనే లేత్‌కి ఎక్కించండి. తొందరపడి ఎండలో పెడితే మాత్రం చివర్లు పగులుతాయి.

2. గరుకు కాగితం పట్టాక దుమ్ము పొడి గుడ్డతో తుడవండి. నూనె చెయ్యి తగలనివ్వద్దు.

3. తిరుగుతున్న బొంగరానికి లక్క కడ్డీని గట్టిగా అదిమి పట్టండి. ఊరికే ఆనిస్తే కరగదు, గీతలు పడతాయంతే.

4. వేడి తగ్గకముందే మొగలాకుతో అదమండి, లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో చేసేది ఇదే. ఆకు అంచుల ముళ్లు ముందే చీల్చేయండి.

ఇప్పుడున్న బొంగరం పారేయొద్దు. లక్క గీకేసి, ఆరబెట్టి మళ్లీ వేయండి.