తెల్ల కాగితం ఇచ్చినవాళ్ళను ముందు పలకరించు

చి.సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి అమలాపురంలో ఇంగ్లీషు తరగతులు పెడుతున్నావని చెప్పాడు. గది మాట్లాడుకున్నావట, అడ్వాన్సు కూడా ఇచ్చేశావట. నాతో ముందు ఒక్క మాటైనా అనలేదని కోపం వచ్చింది. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నా వెంట బడికి వచ్చి, చివరి బల్ల మీద కూర్చుని, నేను బోర్డు మీద రాసినవన్నీ పలక మీద దించుకున్నదానివి. ఇప్పుడు నువ్వే బోర్డు దగ్గర నిలబడబోతున్నావంటే కళ్ళు చెమ్మగిల్లాయి. తెల్లవారుజామునే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ నాన్న చెప్పినవాటిలో ఒక సంగతి నాకు గుబులు పుట్టించింది. చేరడానికి వచ్చినవాళ్ళ చేత ఫోనులో నలభై ప్రశ్నల పరీక్ష రాయించి, మార్కులను బట్టి మూడు బ్యాచీలుగా విడగొడతానన్నావట. పది నిమిషాల్లో ఎవరి స్థాయి ఏమిటో తేలిపోతుందన్నావట. తల్లీ, ఈ ఉత్తరమంతా ఆ పది నిమిషాల గురించే.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఫీజు ఎంతో గోడ మీద రాసిపెట్టు. బ్యాచీకి పదిహేను మందిని మించనివ్వకు. మంచినీళ్ళు, లోపల గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. సాయంత్రం తరగతి ఏడింటికల్లా వదిలెయ్యి. గోదావరి లంకల వైపు వెళ్ళే పిల్లకు ఒక్కసారి బస్సు తప్పిందంటే మర్నాటి నుంచి ఇంట్లో పంపరు. దీన్ని చిన్న విషయాల్లో కలిపి రాశాను గానీ ఇది చిన్నది కాదు. ఏడు అంటే ఏడే.

ఇక పరీక్ష సంగతి. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకునే ప్రశ్నలు నలభై ఇస్తే, ఒక్క ముక్క రానివాళ్ళు గుడ్డిగా నొక్కినా పది దాకా తగులుతాయి. ఆ పదికీ, తెలిసి తెచ్చుకున్న పదికీ తేడా నీ ఫోను చెప్పలేదు. అంతవరకే అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఏమిటంటే వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ ఒకే మనిషిలో ఒకే ఎత్తున పెరగవు. మన వైపు మరీనూ. వ్యాకరణమంతా కంఠతా వచ్చి, ఎదుటి మనిషి ఊరి పేరు అడిగితే నోరు పెగలని డిగ్రీ కుర్రాళ్ళు నీ దగ్గరికి వస్తారు. ఒక్క ఇంగ్లీషు అక్షరం రాకపోయినా కువైట్‌లో, మస్కట్‌లో ఆ భాషతోనే ఏళ్ళ తరబడి పని చేసుకొచ్చిన ఆడవాళ్ళూ వస్తారు. ఇద్దరినీ ఒకే అంకెతో కొలిస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు. 2001లో, పగలు బడిలో పని చేస్తూ, సాయంత్రాలు ఒక మహిళా సంఘం వాళ్ళ గదిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మొదటి రోజే అందరికీ ఒక పేజీ ప్రశ్నపత్రం ఇచ్చాను. ఖాళీలు పూరించడం, వాక్యాలు మార్చి రాయడం, ఒక చిన్న పేరా చదివి జవాబులు రాయడం. వచ్చినవాళ్ళలో ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకామె ఉంది. 1996 నవంబరు తుపానుకు వాళ్ళ కొబ్బరితోట నేలమట్టమైంది. మళ్ళీ మొక్క వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, అప్పులవాళ్ళు అంతకాలం ఆగరు. ఆమె మస్కట్ వెళ్ళి, నాలుగేళ్ళు ఒక ఇంట్లో పిల్లలను చూసుకుని, అప్పుడే తిరిగి వచ్చింది. కాగితం పైన తెలుగులో తన పేరు రాసింది. కింద అంతా తెలుపు. నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి తల దించుకుంది.

నేను ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. సున్నా వేసి, మొదటి బ్యాచీలో కూర్చోబెట్టాను. అక్కడ ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలున్నారు. నాలుగు గీతల పుస్తకంలో ఏ, బి, సి, డి దిద్దించాను. ఆ పిల్లల ఎత్తుకు వేసిన బల్ల, మోకాళ్ళు పైకి పెట్టుకుని, పమిట చెంగు ఒళ్ళో వేసుకుని కూర్చుని రాసేది. మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు రాలేదు. ఓపిక లేక మానేసిందనుకున్నాను.

నెల తరవాత గడియారస్తంభం దగ్గర ఎస్టీడీ బూతులో మీ మామయ్యకు ఫోను చేయడానికి వరసలో నిలబడ్డాను. అద్దాల గదిలో ఎవరో మాట్లాడుతున్నారు. తలుపు సరిగ్గా పడదు, మాటలన్నీ బయటికి వస్తున్నాయి. మీటరు మీద ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతున్నాయి. లోపల ఉన్నది ఆమె! మాట్లాడుతున్నది ఇంగ్లీషు! అవతల చిన్నపిల్లవాడు ఉన్నట్టున్నాడు. జ్వరం తగ్గిందా, మందు చేదుగా ఉందని ఉమ్మేశావా, చెల్లితో ఎందుకు కొట్లాడావు అని అడుగుతోంది. మా కోడిపెట్ట పిల్లలను లేపింది, తొమ్మిది పిల్లలు అని చెబుతోంది. తరవాత వాళ్ళ అమ్మ అందుకున్నట్టుంది. ఈమె గొంతు మారింది. రెండు నెలల జీతం రావాలని, పండగలోపు పంపుతానని తమరే అన్నారని, మర్యాద తగ్గకుండా, పట్టు వదలకుండా చెప్పింది. కాలాలు కలిసిపోయాయి, జరిగినదీ జరగబోయేదీ ఒకే క్రియతో నడిపేసింది. కానీ ఒక్క మాట కోసం తడుముకోలేదు. నా పై బ్యాచీలో నలభై అయిదు మార్కులు తెచ్చుకున్నవాళ్ళెవరూ అందులో సగం కూడా మాట్లాడలేరు.

బయటికి వచ్చి నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఎందుకు మానేశావమ్మా అని అడిగాను. "చదవడం రాదని చెప్పానండి. మాట్లాడడం వచ్చా అని మీరు అడగలేదు. మా చెల్లెలి కొడుకు అదే బ్యాచీలో ఉన్నాడండి, ఇంటికెళ్ళి నవ్వాడు," అంది. ఆ మస్కట్ పిల్లవాడు తనకు ఉత్తరాలు రాస్తాడట. అవి తానే చదువుకోవాలని వచ్చిందట. మళ్ళీ రమ్మన్నాను, విడిగా చెబుతానన్నాను. వస్తానంది గానీ రాలేదు. ఆ వేసవిలోనే తిరిగి మస్కట్ వెళ్ళిపోయిందని తెలిసింది. ఆ ఉత్తరాలు ఎవరు చదివిపెట్టారో, అసలు ఎవరైనా చదివారో లేదో. ఇన్నేళ్ళయినా తెల్ల కాగితం చూస్తే నాకు ఆమె ఒళ్ళోని పమిట చెంగు గుర్తొస్తుంది.

ఆ ఏడాదే, 2001లో, యూరప్ కౌన్సిల్ వాళ్ళు భాష ఎంత వచ్చో చూడడానికి ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్ల చట్రం అచ్చువేశారు. నాకు చాలా ఏళ్ళకు చేతికందింది. అందులో మార్కుల ఊసు లేదు. ఈ మెట్టు మీదున్న మనిషి ఆ భాషతో ఏ పనులు చేసుకోగలదో రాసి ఉంటుంది. వినడానికి వేరే, మాట్లాడడానికి వేరే, చదవడానికి వేరే, రాయడానికి వేరే. నువ్వూ ఒక్కొక్కరికి నాలుగు గడులున్న చీటీ పెట్టుకో. ఒక గడిలో బి1, పక్క గడిలో ఏ1 కూడా లేకపోవడం తప్పేమీ కాదు. అలాంటి చీటీ వస్తే, ఏ బ్యాచీ అని తేల్చే ముందు ఏం కావాలని వచ్చారో అడుగు. విదేశాలకు వెళ్ళే నర్సుకు ఓఈటీ అని, వైద్యం పనివాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష రాయాలని ఉంటుంది, అందులో రోగితో మాట్లాడినట్టు మాట్లాడి చూపించాలి. విదేశీ చదువు కోసం ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు వెళ్ళే కుర్రాడి అవసరం వేరు. కొట్టు నడిపే ఆయనకు సరుకుల బిల్లూ, ఫోనులో నాలుగు మాటలూ చాలు.

అందరితోనూ ఎదురుగా కూర్చుని మాట్లాడు. ఐఈఎల్టీఎస్‌లో కూడా మాట్లాడే పరీక్షకు 11 నుంచి 14 నిమిషాలు మనిషి ఎదుట మనిషే కూర్చుంటారు. నీకు ఎనిమిది నిమిషాలు చాలు. నలభై మంది వస్తే అయిదు గంటల ఇరవై నిమిషాలవుతుంది, రెండు పూటలు పెట్టుకో. తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కించు. రెండుసార్లు తడబడ్డారంటే వాళ్ళ అంచు దొరికినట్టే, అక్కడ ఆపు. కానీ ఆ తడబాటు మీద పంపెయ్యకు. మళ్ళీ ఒక తేలిక ప్రశ్న అడిగి, వాళ్ళు జవాబు చెప్పాక పంపు. మాట్లాడడానికి మ్యూజియం గురించో, మంచు గురించో అడగకు. జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి చెప్పమను, అంబాజీపేటలో కొబ్బరి ధర గురించి అడుగు. చెప్పడానికి సంగతి ఉంటేనే కదా భాష బయటపడేది.

రాసే పరీక్షకు ఒక పేరా తీసుకుని, మొదటి వాక్యం వదిలేసి, ఆ తరవాత ప్రతి ఏడో మాటా చెరిపేసి పూరించమను. 1953లో టేలర్ అనే ఆయన ఈ పద్ధతికి క్లోజ్ అని పేరు పెట్టాడు. ఊహించి నొక్కడానికి అందులో ఏమీ ఉండదు. దానికి అయిదు వాక్యాల డిక్టేషను కలుపు. చదవలేనివాళ్ళకు ఈ కాగితం ఇవ్వనే ఇవ్వకు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ అసర్ సర్వేలో ఇంగ్లీషు చూసినప్పుడు పిల్లల దగ్గర కూర్చుని పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మాటలు, వాక్యాలు వరసగా చదివిస్తారు. ఆ నిచ్చెన పెద్దవాళ్ళకూ పనికొస్తుంది. ఎవరూ చూడని చోట చదివించు.

రెండు బ్యాచీల మధ్య ఊగేవాళ్ళను కింద వెయ్యాలంటారు చాలామంది, తరవాత పైకి పంపితే సంతోషిస్తారని. నేను ఒప్పుకోను. తక్కువలో పడినవాళ్ళు పైకి పంపేదాకా ఆగరు, మానేస్తారు. పైనే వెయ్యి. రెండు వారాలు చూసి మార్చే వీలుందని మొదటి రోజే అందరికీ చెప్పు. మార్కుల జాబితా గోడకు అంటించావంటే నేను వచ్చి చింపేస్తాను. బ్యాచీలకు ఒకటి, రెండు, మూడు అని పెట్టకు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ అని పెట్టుకో. మన నదీపాయల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని ఎవరూ అనరు.

ఇంకొకటి. ఆగస్టులో మొదలుపెడతావట. వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏ అడుగుకు ఏం చెయ్యాలో లంకలవాళ్ళకు ముందే తెలుసు, అందుకే ఆ కొలతకు విలువ. నీ మార్కులకూ అలాగే, ఎంత వస్తే ఏం చేస్తావో పరీక్షకు ముందే రాసిపెట్టుకో. కాజ్‌వే మునిగి రాలేకపోయినవాళ్ళకు రెండో తేదీ ఉంచు.

మాట్లాడే పరీక్షకు ఇద్దరు ఉండాలి. ఒకరి చీటీ ఒకరు చూడకుండా రాసి, తరవాత కలిపి చూసుకోవాలి. రెండో మనిషి దొరకకపోతే నేనున్నాను. రాజోలులో పొద్దున్నే బస్సెక్కితే పదింటికి నీ దగ్గరుంటాను. మేడ మీద గది అన్నాడు మీ నాన్న, నా మోకాళ్ళకు అన్ని మెట్లు పడవు. కింద వరండాలో రెండు కుర్చీలు వేయించు. కాగితం ఖాళీగా ఇచ్చినవాళ్ళెవరైనా ఉంటే నువ్వు చూడకముందే నా దగ్గరికి పంపు.

నీ
అత్తయ్య